అమ్మభాషలో ర్యాప్.. 24 ఏళ్లకే ఆగిన గళం

మైదుకూరు: తాళానికి తగినట్లు ప్రాసతో కూడిన మాటలను వేగంగా పలికే పాటే ర్యాప్. ఇందులో రాగం కంటే లయకే ప్రాధాన్యం. 1970వ దశకంలో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో నల్లజాతి యువత దీనికి రూపమిచ్చారు. ఇంగ్లిషో, హిందీయో వస్తేనే ర్యాప్ పాడగలమన్న అపోహ మన యువతలో నేటికీ ఉంది. అది నిజం కాదని నిరూపించిన వాడు ముంబైకి చెందిన ధర్మేష్ పర్మార్.

'ఎంసీ తోడ్‌ఫోడ్' పేరుతో ప్రసిద్ధుడైన ధర్మేష్ తన మాతృభాష గుజరాతీలోనే ర్యాప్ పాడాడు. ఆయన సభ్యుడిగా ఉన్న 'స్వదేశీ' బృందంలో మరాఠీ, హిందీ, బెంగాలీలో పాడే వారూ ఉన్నారు. ఎవరి భాషలో వారు పాడటమే ఆ బృందం ప్రత్యేకత. ముంబైలోని ఆరే అడవిలో చెట్ల నరికివేతపై, అక్కడి వార్లీ గిరిజనుల పక్షాన 2019లో ఈ బృందం 'ది వార్లీ రివోల్ట్' పాటను వెలువరించింది. అదే ఏడాది విడుదలైన 'గల్లీ బాయ్' చిత్రంలోని 'ఇండియా 91' పాటలోనూ ధర్మేష్ గళం వినిపించింది.

2022 మార్చిలో 24 ఏళ్ల ప్రాయంలోనే ఆయన కన్నుమూశాడు. సొంత పాటల సంకలనం వెలువడింది కూడా ఆ నెలలోనే.

బుర్రకథ దరువు, బ్రహ్మంగారి తత్వాలు ఎరిగిన మైదుకూరు ప్రాంతానికి లయబద్ధమైన మాట కొత్త కాదు. కరవు గురించి, వలస గురించి సీమ యాసలో చెప్పదలచిన యువకుడు మరో భాషను అరువు తెచ్చుకోనవసరం లేదని ధర్మేష్ స్వల్ప జీవితం చాటుతోంది.