‘చేరను’ అంటూనే చేర్చే బండి

రెండు భాషల నడుమ కాపురముండే మనబోటివారికి రైలు పేర్లు కూడా వినోదమే. చెన్నైలో రాత్రి బయలుదేరి తెల్లవారేసరికి కోయంబత్తూరు చేర్చే బండి చేరన్ ఎక్స్‌ప్రెస్. అది చేరరాజుల పేరు. మన చెవికి మాత్రం ‘చేరను పో’ అని మొండికేసినట్లుంటుంది!

1930లో బొంబాయి, పూనాల మధ్య మొదలైన దక్కన్ క్వీన్ సంగతో? దక్కను అంటే దక్షిణదేశం. మనకేమో ఆ రాణిగారు ‘నీకు దక్కను’ అన్నట్లే. టిక్కెట్టు దొరకనివారికి అదే నిజం.

ఇక కాకినాడ వెళ్లే సర్కార్ ఎక్స్‌ప్రెస్. రైళ్లన్నీ సర్కారువే కదా, దీనికొక్కదానికే ఈ బిరుదేల? మొగలాయీల నాడు సర్కారంటే సుబాలో ఒక భాగం. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతో కుంఫిణీవారికిచ్చిన ఉత్తర సర్కారుల పేరిది.

ఈ వేడుకలో చిన్న పరీక్ష ఉన్నదని మాకు తోస్తుంది. చేరరాజుల సంగతి మన పిల్లలకు బడి చెబుతుంది. ‘చేరను’ అన్న మాట ఇల్లే నేర్పాలి. ఈ పేర్లు వారికి వినిపించి చూడండి. పకపక నవ్వితే ఇంట తెలుగు పదిలమే. ‘ఇందులో నవ్వేముంది?’ అన్నారా, ఈ పూటనుండే అన్నంతోపాటు నాలుగు తెలుగు మాటలూ వడ్డించండి.