పచ్చరాయి కోసం అడవిదారి

లంకెబిందెల కథ వినకుండా పెరిగిన తెలుగు బిడ్డలు అరుదు. అట్టి కథల్లో నిధికోసం బయలుదేరేవాడు పుట్టు సాహసి. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముడు అటువంటివాడే. 1984లో అమెరికాలో విడుదలయిన ‘రొమాన్సింగ్ ది స్టోన్’ కూడా నిధివేట కథే. కాని ఇందులో అడవి పట్టేది ఒక పిరికి మనిషి. హాస్యమంతా అక్కడే పుట్టింది.

జోన్ వైల్డర్ న్యూయార్కులో పిల్లిని పెంచుకుంటూ ఒంటరిగా బ్రతికే నవలారచయిత్రి. ఆమె నాయికలు ఎంతటి దుర్మార్గులనయినా ఎదిరిస్తారు. ఆమెకు మాత్రం గడప దాటాలంటే జంకు. ఇంతలో కొలంబియాలో ఆమె తోబుట్టువును దుండగులు నిర్బంధించి, టపాలో ఆమెకు చేరిన నిధిపటం తెచ్చి ఇమ్మంటారు. వెళ్ళక తప్పలేదు. తీరా వెళితే, ఎక్కింది తప్పు బస్సు! అది కాస్తా దారిలో ఒక జీపును ఢీకొంటుంది. జీపు యజమాని జాక్, పక్షులను పట్టి అమ్ముకునేవాడు. 375 డాలర్ల ట్రావెలర్స్ చెక్కులు పుచ్చుకునిగాని తోవ చూపడు. ముందుగా చేసే ఉపకారం, ఆమె ఖరీదయిన జోళ్ళ ఎత్తుమడమలను కత్తితో నరికివేయటం!

మాకు మిక్కిలి నచ్చిన ఘట్టం మరొకటి ఉంది. అడవిపల్లెలో మత్తుమందుల వ్యాపారి ఒకడు వీరిమీద తుపాకి గురిపెడతాడు. ఆమె పేరు చెవిని పడగానే ముఖం వికసించి లోపలికి ఆహ్వానిస్తాడు. ఆమె నవలలన్నీ చదివిన అభిమాని మరి! రచనకు ఇంతకు మించిన సన్మానం ఏముంటుంది?

చివరకు ఆ పెద్ద పచ్చరాయి మొసలి పొట్టలో పడుతుంది. దానికంటె విలువయినది మాత్రం జోన్‌కు దక్కింది. పగవాడు కత్తితో మీదపడినపుడు జాక్ గోడ ఎక్కుతూనే ఉంటాడు. ఆమె ఒంటరిగానే వాణ్ణి ఎదుర్కొంటుంది. కాగితం మీది ధైర్యం ఒంటికి పట్టిందన్నమాట.

ఈ కథ వ్రాసిన డయాన్ థామస్ అప్పటికి కాలిఫోర్నియాలోని మాలిబూలో హోటలులో వడ్డన పని చేసేది. నటుడు మైకేల్ డగ్లస్ ఆ కథను కొని, తానే నిర్మించి, జాక్ వేషం ధరించాడు. దర్శకుడు రాబర్ట్ జెమెకిస్. కొలంబియా అడవులుగా కనిపించేవి చాలావరకు మెక్సికో అడవులే. 1985లో హాస్య, సంగీత చిత్రాల విభాగంలో ఉత్తమ చిత్రంగా దీనికీ, ఉత్తమ నటిగా కాథలీన్ టర్నర్‌కూ గోల్డెన్ గ్లోబ్ బహుమతులు లభించాయి. ఆ ఏడే అక్టోబరులో కారు ప్రమాదంలో డయాన్ మరణించింది. వయస్సు 39 ఏండ్లు.

కొన్ని ఘట్టాలు చిన్నపిల్లలకు తగవు. పెద్దలు మాత్రం తప్పక చూడదగిన చిత్రం. ‘నావల్ల ఏమవుతుంది’ అనుకునే ఆడపడుచులు ప్రతి ఇంటా ఉంటారు. పళ్ళెములు మోసిన చేతులతో డయాన్ ఈ కథ వ్రాసిందని వారికి ఒక్కమాట చెప్పి మరీ చూపించండి.