మామిడి కట్టె చెడ్డది కాదు, పచ్చి కట్టె చెడ్డది

మన ఇండ్లల్ల ఆడపిల్ల పెండ్లి కుదిరిందంటే మంచం మాట ముందు వస్తది. టేకు మంచం చేయిద్దామంటే చేతిలో ఉన్న పైసలు చాలవు. అప్పుడు ఎవరో ఒకరు మామిడి కట్టె మాట తెస్తరు. వెంటనే ఇంకొకరు "అయ్యో, మామిడి కట్టెనా? ఏడాది తిరగకముందే పిండి రాలుతది" అంటరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నది. బాగా ఆరి, మందు పట్టిన మామిడి కట్టెతో చేసిన సామాను ఏండ్ల తరబడి నిలుస్తది. పచ్చిగా ఉన్నప్పుడే తొందరపడి చేస్తే అదే కట్టె అతుకులు విడిచి, పురుగు పట్టి పోతది. ఈ తేడా తెలిస్తే మన పైసలు మట్టిపాలు కావు.

మామిడి గుణం

కాపు తగ్గిన ముసలి చెట్లను రైతులు అమ్ముతరు గనుక మామిడి కట్టె టేకు కంటే చాలా అగ్గువ. రంపానికి, రందాకు బాగా లొంగుతది. స్క్రూ పట్టు గట్టిగా ఉంటది. దీనికి ఉన్న లోపాలు రెండు. టేకులో సహజంగా నూనె ఉంటది, అది చెదకు గిట్టదు. మామిడిలో అది లేదు. పైగా చేవ దేరని తెల్ల కట్టెలో పిండి పదార్థం ఉంటది, పురుగుకు అదే తిండి. రెండోది, వాననీళ్లు తగిలితే తొందరగా పుచ్చిపోతది.

మిల్లులో పనిచేసినోళ్లకు తేమ సంగతి కొత్త కాదు. బాబిన్లకు ఇక్కడ హల్దూ కట్టె వాడేవారు, విదేశాల్లో మేపుల్, బీచ్ కట్టె వాడేవారు. ఏ కట్టె అయినా ఆరిందే కావాలి. తడి కట్టెతో చేసిన బాబిన్ తర్వాత వంకర పోతది, కదురు మీద ఊగుతది, పోగు తెగుతది. నూలు తూకానికి తేమ లెక్క 8.5 శాతం అని మనకు తెలుసు. గాలిలో తేమ పెరిగితే నూలు బరువెక్కుతది, ఎండితే తేలికైతది. కట్టె కూడా అంతే, చెట్టు కొట్టినాక కూడా నీళ్లు పీలుస్తది, వదులుతది. పీల్చినప్పుడు అడ్డంగా ఉబ్బుతది, వదిలినప్పుడు అడ్డంగా కుంచించుకుపోతది. పొడుగులో తేడా దాదాపు ఉండదు.

వఖార్‌లో చూడవలసినవి

వఖార్‌కు పోయినప్పుడు పలకను నేల మీంచి ఎత్తి, ఒక కంటితో చివర నుంచి చివరకు చూడాలి. మెలిక తిరిగినదాన్ని పక్కన పెట్టాలి. సన్నని గుండుసూది బెజ్జాలు కనబడితే పలకను నేలకు తట్టాలి. తెల్లపిండి రాలితే లోపల పురుగు బతికే ఉన్నది, దాన్ని ఇంటికి తేవద్దు, ఇంట్లో ఉన్న మంచి సామానుకు కూడా అంటుకుంటది. నల్ల, నీలి మరకలు కొట్టిన చెట్టును రోజుల తరబడి కోయకుండా ఉంచితే వచ్చే బూజు మరకలు. అవి చూడటానికి బాగుండవు గానీ, కట్టె గట్టిగా ఉంటే లోపలి తట్టుకు వాడుకోవచ్చు. చాకు మొన మెత్తగా దిగిపోతే మాత్రం అది పుచ్చు.

కొలత లెక్క ఇంట్లోనే చేసుకోవాలి. అంగుళాల్లో వెడల్పు, అంగుళాల్లో మందం, అడుగుల్లో పొడుగు, మూడూ గుణించి 144 తో భాగిస్తే ఘనపు అడుగులు వస్తయి. 12 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం, 3 అడుగుల పొడుగు పలక పావు ఘనపు అడుగు. అట్లాంటివి నాలుగు కలిస్తే ఒక ఘనపు అడుగు. కోతలో, రందాలో పోయేదానికి ఇంకో అయిదో వంతు కలుపుకోవాలి. అంగుళం పలకను రెండు వైపులా రందా పడితే ముప్పావు అంగుళం మిగులుతది. అది ముందే అనుకొని కొనాలి.

సాగువాన్ పేరుతో మామిడి

మా చాళ్‌లో ఒక కుటుంబం బోనస్ పైసలతో మంచం కొన్నది. దుకాణంలో సాగువాన్ అని చెప్పి, ఆ ధరే తీసుకున్నరు. మంచి ముదురు పాలిష్. రెండో వానకాలానికి మంచం కింద రోజూ తెల్లపిండి. అడుగున గీకి చూస్తే మామిడి. పోయి అడిగితే "బిల్లు ఉందా?" అన్నరు. బిల్లు లేదు.

అందుకని పాలిష్ చూసి నమ్మవద్దు. మంచాన్ని తిరగేసి పాలిష్ లేని చోట చూడాలి. టేకు చేవ బంగారు గోధుమ రంగులో ఉంటది, చేతికి కొంచెం జిడ్డుగా తగులుతది, దానికి ఒక వాసన ఉంటది. బిల్లు మీద కట్టె పేరు రాయించుకోవాలి. రాయనంటే ఆ దుకాణం వదిలేయాలి.

ఆరబెట్టుడు, మందు

మంచి మార్గం ఏమిటంటే, పెండ్లికి ఆరు నెలల ముందే పలకలు కొని ఇంట్లో ఆరబెట్టుకోవడం. చదును నేల మీద ఇటుకలు పెట్టి, నీడన, గాలి ఆడే చోట పేర్చాలి. పలకకు పలకకు నడుమ అంగుళం మందం ఎండు బద్దలు, అడుగున్నరకు ఒకటి. బద్దలన్నీ పై నుంచి కిందికి ఒకే వరుసలో ఉండాలి, లేకుంటే పలక వంగుతది. పైన బరువు పెట్టాలి. చివరల నుంచి నీళ్లు తొందరగా పోయి పగుళ్లు వస్తయి గనుక చివరలకు మందంగా రంగు పూయాలి. ఎండలో మాత్రం పెట్టవద్దు.

అంగుళం పలక సోలాపూర్ ఎండాకాలంలో నీడన మూడు నాలుగు నెలల్లో ఆరుతది. వానకాలంలో ఇంకా పడతది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న ముక్కకు గుర్తు పెట్టి, పలకల మధ్యలోనే ఉంచి, వారానికి ఒకసారి కిరాణా తరాజులో తూయాలి. రెండు మూడు వారాలు బరువు తగ్గకుండా ఒకే తీరున ఉంటే ఆరినట్టు.

ఒక మాట గుర్తుండాలి. ముంబై, భివండి, యానాం వైపు గాలిలో తేమ ఎక్కువ. అక్కడ ఆరిన కట్టె సామాను సోలాపూర్‌కు తెస్తే ఇక్కడి ఎండకు ఇంకా కుంచించుకుపోతది. తెచ్చిన పలకలను నెల రోజులు మన ఇంటి గాలిలో ఉంచినాకనే కోయాలి.

పురుగు మందు పచ్చి కట్టెకే బాగా పడతది. బోరిక్ యాసిడ్ ఒక వంతు, బోరాక్స్ ఒకటిన్నర వంతు కలిపి, 100 లీటర్ల వేడి నీళ్లకు 5 కిలోల లెక్కన కరిగించి, కోసిన పలకలను అందులో ముంచి, కొన్ని వారాలు ప్లాస్టిక్ కప్పి ఉంచితే మందు లోపలికి దిగుతది. ఆ తర్వాత ఆరబెట్టాలి. కొన్ని వఖార్‌లలో ఇది చేసే ఇస్తరు, అడగాలి. ఈ మందు వానకు కడుక్కుపోతది, ఇంటి లోపలి సామానుకే పనికొస్తది. మందు పట్టిన ముక్కలను పొయ్యిలో పెట్టవద్దు.

పని చేయించేటప్పుడు

మామిడి నార ఒక్కోచోట అడ్డదిడ్డంగా ఉంటది, అక్కడ రందా ఎదురు పోతే పేళ్లు లేస్తయి. రందా పదును పెట్టి, పలుచగా తీయాలి. అంచుల దగ్గర మేకు కొట్టేముందు సన్నగా బెజ్జం వేయాలి, లేకుంటే చీలుతది.

సూత్ అంటే మనకు నూలు, సుతార్‌కు అంగుళంలో ఎనిమిదో వంతు. 12 అంగుళాల పలక వానకాలానికి, ఎండాకాలానికి మధ్య ఒక సూత్, ఒక్కోసారి రెండు సూత్‌లు జరుగుతది. అందుకని బల్ల మీది పలకను బిగదీసి అతికించకుండా, స్క్రూ బెజ్జం కోలగా వేయించాలి. పాలిష్ అడుగున కూడా పెట్టించాలి. పైన ఒక్కచోటే పెడితే పలక గిన్నెలాగా వంగుతది.

గీకేటప్పుడు, ఉప్పు కాగితం పట్టేటప్పుడు మూతికి బట్ట కట్టుకోవాలి. మామిడి పొట్టు కొందరికి దురద పుట్టిస్తది. పత్తి దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేసిందో మనకు తెలుసు, కట్టె దుమ్ము కూడా మంచిది కాదు.

ఎక్కడ వద్దు

మంచం, పీట, బల్ల, షెల్ఫ్, బీరువా, వీటికి మామిడి సరిపోతది. వీధి తలుపుకు, వాన తగిలే కిటికీకి, స్నానాల గది తలుపుకు వద్దు. నేల తడి ఉండే చోట మంచం కాళ్ల కింద రాయో, రబ్బరో పెట్టాలి. వీధి తలుపు కావాలంటే పాత ఇండ్లు కూల్చిన చోట దొరికే టేకు చూడండి. అది ఏండ్ల కింద ఆరిన కట్టె, కొత్త టేకు కంటే అగ్గువకు దొరకవచ్చు. రందా పట్టేముందు మేకులన్నీ తీయించాలి.

పెండ్లి ముహూర్తం దగ్గర పడినాక కొనబోతే దుకాణం వాడు ఇచ్చిందే తీసుకోవాలి. సంబంధం మాట నడుస్తుండగానే పలకలు కొని పేర్చిపెడితే, పొదుపైన పైసలు పిల్ల చేతిలోనే పెట్టవచ్చు.