మీకు తెలుసా? కరెంటు బండి చుట్టూ తిరిగే మాటలు

అమీర్‌పేట చౌరస్తాలో ఎర్రలైటు పడినప్పుడు చుట్టూ చూస్తే, ఆకుపచ్చ నంబరు ప్లేట్ల బళ్ళు ఇప్పుడు వింతేమీ కాదు. బండికి చప్పుడు లేదు గానీ దాని గురించి నడిచే చర్చకు మాత్రం బోలెడు చప్పుడు. వానలో షాక్ కొడుతుందట, ఫ్లైఓవర్ ఎక్కదట, ఎండకు అంటుకుంటుందట, లైసెన్సే అక్కర్లేదట. టీకొట్టు దగ్గర వినపడే ఈ ‘అట’ల్లో కొన్ని ఉత్త పుకార్లు, కొన్ని సగం నిజాలు. తమాషా ఏమిటంటే, భయం అక్కర్లేని చోట మనవాళ్ళు వణికిపోతున్నారు, జాగ్రత్త పడాల్సిన చోట మాత్రం దుప్పటి కప్పుకుని పడుకుంటున్నారు.

“నిన్నగాక మొన్న వచ్చిన వింత ఇది”

అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయనకు కరెంటు సైకిలు మీద పేటెంటు వచ్చింది 1895 డిసెంబరు 31న. మోటారును వెనక చక్రం మధ్యలోనే పెట్టాడు. ఇవాళ మన వీధుల్లో తిరిగే చవక రకం బళ్ళలో చాలావాటికి మోటారు ఉండేది సరిగ్గా అక్కడే. అంతకు ముందే, 1881లో, గుస్తావ్ త్రూవే పారిస్‌లో మూడు చక్రాల కరెంటు బండిని నడిపి చూపించాడు. కార్ల్ బెంజ్ తన పెట్రోలు కారుకు పేటెంటు అడిగింది 1886లో. అంటే వరసలో కరెంటు బండే అన్నగారు. స్కూటరంటే చేతక్ ఒక్కటే అనుకున్న తరం మన ఇళ్ళలో ఇంకా ఉంది. ఆ పేరుతో 2020 జనవరిలో మళ్ళీ రోడ్డెక్కిన బండి కరెంటుదే.

“వానలో తడిస్తే షాక్ కొడుతుంది”

కొట్టదు. బ్యాటరీ పెట్టెల మీద ఐపీ67 అని రాసి ఉంటుంది చూడండి. అందులో 6 అంటే దుమ్ము రవ్వంతైనా లోపలికి పోదని. 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ముంచినా లోపల తడి చేరదని. హైదరాబాదు వానకు మోకాలి లోతు నీళ్ళు నిలిచినప్పుడు పెట్రోలు బండి ఆగిపోవడానికి అసలు కారణం సైలెన్సర్లోకీ, గాలి పీల్చే గొట్టంలోకీ నీళ్ళు దూరడం. ఈ బండికి ఆ రెండూ లేవు.

అయితే ఆ అంకెను పూర్తిగా చదవాలి. 7 అనేది నిలవ నీటికి పెట్టిన పరీక్ష. వాటర్ సర్వీసింగ్ వాడు పైపు పెట్టి జోరుగా కొట్టే నీటికి అది వర్తించదు. ఆ పరీక్ష వేరు, దాని అంకె వేరు. వానలో బండి తీయడానికి జంకే మనిషే ఆదివారం పొద్దున కనెక్టర్ల మీదికి ప్రెషర్ గన్ పెట్టించి కడిగిస్తాడు. ఇక నీళ్ళ కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉంటే ఏ బండైనా ఒకటే. దానికి ఐపీ నంబరు లేదు.

“ఎత్తు ఎక్కదు, ఇద్దరెక్కితే కదలదు”

పెట్రోలు ఇంజను కొంత వేగంగా తిరిగితే గానీ పూర్తి బలం ఇవ్వదు. అందుకే గేర్లు. మోటారుకు బండి నిలబడి ఉన్నప్పుడే గరిష్ఠ బలం అందుతుంది. అందుకే జూబ్లీహిల్స్ ఎత్తుల్లో సిగ్నల్ పడగానే ముందు దూకేది ఇదే. బ్రిటన్ దగ్గరి ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో, కొండ దారి కలిసిన సుమారు 60 కిలోమీటర్ల చుట్టు మీద 2010 నుంచి 2019 దాకా కరెంటు బైకులకు ప్రత్యేకంగా పందెం నడిచింది. 2012లోనే అక్కడ సగటు వేగం గంటకు 160 కిలోమీటర్లు దాటింది.

మరి ఆ మాట ఎక్కడ పుట్టింది? 250 వాట్ల లోపు మోటారు ఉండే నెమ్మది బళ్ళ దగ్గర. వాటికి నిజంగానే ఎత్తులో ఆయాసం వస్తుంది. మామూలు స్కూటర్ల మోటార్లు మూడు నుంచి ఆరు కిలోవాట్లు, అంటే అంతకు పది ఇరవై రెట్లు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చిన్నదాన్ని నడిపి చూసి పెద్దదాని మీద తీర్పు చెప్పేస్తున్నారు.

“దీనికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఏమీ అక్కర్లేదు”

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఒక మినహాయింపు ఉంది. మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలకు మించకూడదు. ఈ మూడూ కుదిరి, పరీక్షా సంస్థ ఆమోదం కూడా ఉంటే చట్టం దాన్ని మోటారు వాహనంగా చూడదు. నంబరు ప్లేటు, లైసెన్సు, ఇన్సూరెన్సు అడగదు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా అది పెట్రోలు బండితో సమానం. ఆర్‌సీ, లైసెన్సు, హెల్మెట్, అన్నీ కావాల్సిందే. సొంత బండికి ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు, అద్దెకు తిప్పేదానికి ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు.

అసలు కథ ఇక్కడి నుంచి మొదలవుతుంది. “లాక్ తీసేస్తే నలభై నలభై ఐదు కొడుతుంది సార్” అని చెవిలో చెప్పే షాపులు ఉన్నాయి. లాక్ తీసిన క్షణాన ఆ బండి మినహాయింపులోంచి బయటపడుతుంది. అప్పుడది రిజిస్ట్రేషన్ లేని, ఇన్సూరెన్సు లేని మోటారు వాహనం. ఎవరికైనా తగిలితే పరిహారం జేబులోంచే.

ఇక తొమ్మిదో తరగతి పిల్లాడికి ట్యూషన్ కోసం అదే బండి కొనిచ్చే తండ్రులు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. ఆ పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. “కరెంటుదే కదా, బొమ్మబండి” అని ఇచ్చే ముందు ఈ మాట గుర్తుంటే చాలు. హెల్మెట్ సంగతి చట్టం అడిగినా అడగకపోయినా, పాతిక వేగంలో పడినా తల తగిలేది అదే తారురోడ్డుకే.

“ఎండకు బాంబులా పేలుతుంది”

ఈ భయం ఊరికే పుట్టలేదు. 2022లో వరసగా జరిగిన ఘటనలు మన రాష్ట్రాల వాళ్ళు మరిచిపోలేరు. ఏప్రిల్లో నిజామాబాదులో ఒక పెద్దాయన, విజయవాడలో మరొకాయన ఇంట్లో జరిగిన ప్రమాదంలో చనిపోయారు. అంతకు ముందు మార్చిలో తమిళనాడులోని వేలూరులో తండ్రీకూతుళ్ళు. సెప్టెంబరు 12న సికింద్రాబాదులో కింద కరెంటు బళ్ళ షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు రేగి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి.

ఇప్పుడు ఆ ఘటనల్ని దగ్గరగా చూడండి. నిజామాబాదు, విజయవాడ, వేలూరు, మూడు చోట్లా ప్రమాదం పట్టపగలు ఎండలో రోడ్డు మీద జరగలేదు. రాత్రి పూట, ఇంటి దగ్గర, ఛార్జింగ్‌తో ముడిపడి జరిగింది. సికింద్రాబాదులో పైవాళ్ళను చంపింది మంటకన్నా ఎక్కువగా మెట్ల దారిన ఎక్కిన పొగ. అంటే మనం సూర్యుణ్ణి అనుమానిస్తున్నాం గానీ, చూడాల్సింది పడకగదిలోని ప్లగ్గును.

లిథియం సెల్లు ఒకటి లోపల దెబ్బతిని వేడెక్కితే పక్క సెల్లును వేడెక్కిస్తుంది, అది దాని పక్కదాన్ని. ఆ గొలుసు ఒకసారి మొదలైతే బకెట్టు నీళ్ళతో ఆగదు. ఈ దుర్ఘటనల తర్వాత కేంద్రం ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణాన్ని గట్టిపరిచి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమల్లోకి తెచ్చింది. ఒక సెల్లు వేడి మిగతావాటికి పాకకుండా చూడడం, ముందే హెచ్చరించే ఏర్పాటు, బ్యాటరీ మీద నిఘా ఉంచే వ్యవస్థ, ఇవన్నీ అందులోవే. ఆ తేదీల ముందు తయారైన బళ్ళు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. ధర అడిగే ముందు తయారీ నెల అడగండి.

ఇంట్లో చేయాల్సింది పెద్ద శాస్త్రమేమీ కాదు. మామూలు ఇంటి ఛార్జరు లాగే కరెంటు దాదాపు ఇస్త్రీ పెట్టెంత. కాకపోతే ఇస్త్రీ పెట్టె పది నిమిషాల పని, ఇది నాలుగైదు గంటలు ఆగకుండా లాగుతుంది. అందుకే గీజరుకు పెట్టే పెద్ద ప్లగ్గు, సరైన ఎర్తింగ్ కావాలి. కిటికీలోంచి వేలాడే ఎక్స్‌టెన్షన్ బోర్డు, పెద్ద పిన్నును చిన్న సాకెట్లో ఇరికించే చవక కన్వర్టరు, ఈ రెండే సగం ఇళ్ళలో కనిపించేవి. అరగంట తర్వాత ప్లగ్గు ముట్టుకుంటే చెయ్యి కాలినట్టుంటే అక్కడితో ఆపేయాలి. బండి దిగిన వెంటనే వేడి మీద ఛార్జింగ్ పెట్టకుండా కాసేపు ఆగితే మంచిది. ఊడదీసే బ్యాటరీ అయితే మనిషి పడుకునే గదిలో, బయటికి పోయే గుమ్మం దగ్గర వద్దు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఎండ బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది, అది నిజం. దానికి నీడ చాలు.

“కరెంటు బిల్లు పేలిపోతుంది”

నగరంలో సుమారు 30 కిలోమీటర్లకు ఒక యూనిట్ ఖర్చవుతుంది. రోజుకు అంతే తిరిగితే, ఛార్జరులో పోయేది కూడా కలిపి నెలకు 30 నుంచి 35 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయలు వేసుకున్నా 280 దాటదు. అదే దూరానికి లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే స్కూటరుకు 20 లీటర్లు, లీటరు 107 రూపాయల లెక్కన 2,140.

కానీ తెలంగాణలో ఒక మెలిక ఉంది, దీన్ని అమ్మేవాళ్ళు చెప్పరు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్ళకు 200 యూనిట్ల లోపు వాడకానికి సున్నా బిల్లు. నెలకు 180 వాడే ఇంట్లో ఈ 35 కలిస్తే 215. అప్పుడు బిల్లు ఆ పదిహేనుకు కాదు, మొత్తం 215కూ వస్తుంది. అయినా పెట్రోలు కన్నా తక్కువే. అయితే బిల్లు చూసి “ఈ బండే ఇంత తాగిందా” అని గుండె బాదుకునే ఇళ్ళు ఉన్నాయి. తాగింది బండి కాదు, దాటిన గీత.

“బొగ్గుతో వచ్చే కరెంటే కదా, కాలుష్యం ఎక్కడ తగ్గింది?”

మంచి ప్రశ్న. మన కరెంటులో నూటికి సుమారు 70 బొగ్గుదే. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలు చెబుతాయి. 30 కిలోమీటర్లకు ఒక యూనిట్ అంటే కిలోమీటరుకు సుమారు 23 గ్రాములు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు, కిలోమీటరుకు యాభై గ్రాములు. అంటే బొగ్గు కరెంటుతో నడిచినా దాదాపు సగం. బ్యాటరీ తయారీలో పోయింది ముందు కొన్నాళ్ళు తిరిగి పూడ్చాలి, అది కూడా కలుపుకోవాలి. ఇంకొకటి మాత్రం ఒప్పుకోవాలి. అమీర్‌పేటలో తగ్గిన పొగలో కొంత రామగుండంలో, పాల్వంచలో లేస్తుంది. పీల్చేది అక్కడి జనం.

“కంపెనీ చెప్పినంత దూరం రాదు, మోసం”

మోసం కాదు, పరీక్ష వేరు. ప్రకటనలో ఐడీసీ అని చిన్నక్షరాల్లో కనిపించేది ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పరీక్ష. ల్యాబులో రోలర్ల మీద జరిగే ఆ పరీక్షలో సగటు వేగం గంటకు 22 కిలోమీటర్లు, గరిష్ఠం 42. వెనక వదినగారు, కాళ్ళ దగ్గర కూరగాయల సంచి, అరవై వేగం అందులో ఉండవు. రాసినదాంట్లో మూడొంతులు వస్తే బండి బాగున్నట్టే.

“మూడేళ్ళకు బ్యాటరీ పోతుంది, బండి తుక్కే”

ఇది పాత అనుభవం. ఇరవై ఏళ్ళ కింద వచ్చిన మొదటి నెమ్మది బళ్ళలో ఇన్వర్టర్లలో వాడే రకం లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉండేవి. బరువెక్కువ, బతుకు తక్కువ. ఇప్పటి లిథియం బ్యాటరీలకు మూడేళ్ళ వారంటీ మామూలు. అదనంగా కడితే కొందరు ఎనిమిదేళ్ళ దాకా ఇస్తున్నారు. ప్రపంచ మార్కెట్లో కిలోవాట్ అవర్ బ్యాటరీ 2010లో వెయ్యి డాలర్ల పైన ఉంటే 2024లో 115కు దిగింది.

“సర్వీసింగే ఉండదు”

ఇంజనాయిలు, స్పార్క్ ప్లగ్గు, క్లచ్చి వైరు లేవు, అంతే. టైర్లు, బ్రేకులు, బెల్టు, సస్పెన్షన్ మామూలుగానే అరుగుతాయి. గల్లీ చివరి మెకానిక్ చెయ్యి పెట్టలేడు. అసలు ఇబ్బంది అక్కడుంది.

“చప్పుడు లేదు, హాయి”

నడిపేవాడికి హాయి. గల్లీలో ఆడుకునే పిల్లలు, చెవితో దారి చూసుకునే ముసలివాళ్ళు ఏం చేయాలి? యూరప్‌లో 2019 జులై నుంచి కొత్త మోడల్ కరెంటు కార్లు నెమ్మదిగా పోయేటప్పుడు కావాలని చప్పుడు చేయాల్సిందే. ఆ నియమం కార్లది, బైకులది కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆపిన బండి ఆన్‌లో ఉందో లేదో చెవికి తెలియదు. యజమాని గేటు తీయడానికి దిగుతాడు, ముందు నిలబడ్డ చిన్నాడు యాక్సిలరేటర్ తిప్పుతాడు, బండి గోడను గుద్దుతుంది. దిగేముందు తాళం తిప్పడమో, స్టాండ్ వేస్తే మోటారు ఆగుతుందో లేదో కొనేటప్పుడే చూసుకోవడమో మంచిది.

“అపార్టుమెంటులో ఒప్పుకోరు”

ఇంట్లో, ఆఫీసులో సొంత బండి ఛార్జింగ్ పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఛార్జింగ్ అంటే కరెంటు అమ్మకం కాదని 2018లోనే కేంద్ర విద్యుత్ శాఖ స్పష్టం చేసింది. 2019లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ నమూనా భవన నిబంధనల్ని సవరించి కొత్త కట్టడాల పార్కింగులో 20 శాతం మేర కరెంటు బళ్ళకు ఏర్పాటుండాలని చెప్పింది.

అయినా అసోసియేషన్ వాళ్ళ భయం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. పాత సెల్లారు వైరింగు నాలుగు ట్యూబులైట్ల కోసం వేసింది. నాలుగు బళ్ళు ఒకేసారి పెడితే మూడు కిలోవాట్లు. అందుకని “వద్దు” అనే బదులు విడి లైను, దానికో ఎంసీబీ, ఎవరి కరెంటు వాళ్ళు కట్టేలా సబ్‌మీటరు అడగాలి. చోటు గాలి ఆడే ర్యాంపు దగ్గర ఇవ్వాలి. మెట్ల కింద ఖాళీగా ఉందిగా అని అక్కడ ప్లగ్గు పెట్టమనేవాళ్ళు తప్పకుండా ఒకరుంటారు. ఆ చోటు మాత్రం వద్దు. పొగ పైకెక్కే దారి అదే, మనుషులు కిందికి దిగే దారీ అదే.