పసిపిల్లల చేతిలో ఫోను: ఇంట ఎంతసేపు, ప్రయాణంలో ఎంతసేపు

ఉపాధి కోసం నగరానికి తరలివచ్చిన కుటుంబాలలో పసిబిడ్డను చూసుకునేది సాధారణంగా ఒక్క మనిషే. ఊళ్ళో నాయనమ్మ ఒడి, పెదనాన్న భుజం, పక్కింటి అరుగు కలసి పంచుకున్న పనిని ఇక్కడ రెండు గదుల ఇంట్లో తల్లి ఒక్కతే మోయవలసి వస్తుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉంటుంది, వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వస్తుంది, బిడ్డ కాళ్ళకు చుట్టుకుని ఏడుస్తుంది. ఆ వేళ ఫోను బిడ్డ చేతిలోకి వెళ్ళిపోవడంలో వింత ఏమీ లేదు. తల్లిని నిందించే సలహాల వలన ఈ విషయంలో ఒరిగేదీ లేదు. ఏ వేళ, ఎంతసేపు, ఏ పనికి ఫోను ఇవ్వాలన్నది ఇంటివారంతా ముందుగా మాట్లాడుకుని ఒక మాట మీద ఉండటం మాత్రం నిజంగా ఉపకరిస్తుంది. తల్లి వద్దన్నది తండ్రి సాయంత్రం వచ్చి చేతికిస్తే ఏ నియమమూ నిలవదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళలోపు పిల్లల కోసం మార్గదర్శకాలు వెలువరించింది. ఏడాది నిండని శిశువుకు తెర వద్దనీ, రెండో ఏట కూడా కూర్చుని తెర చూసే అలవాటు తగదనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వయసువారికి రోజుకు ఒక గంట మించరాదనీ, అంతకంటె తగ్గితే మరింత మేలనీ వాటిలో ఉంది. మన దేశపు శిశువైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. దూరాన ఉన్న బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్‌లో మాట్లాడటానికి మాత్రం రెండేళ్ళలోపు పిల్లలకూ సడలింపు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రంలో తెర లెక్క పక్కనే మరి రెండు లెక్కలున్నాయి. ఏడాది నుంచి రెండేళ్ళ వయసులో రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర, మూడు నాలుగేళ్ళ వయసులో 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలి. ఏడాది నిండిన పిల్లలకు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలే ఆట ఉండాలి. మొదటి లెక్కకు వచ్చిన ప్రచారం ఈ రెండింటికీ రాలేదు. నిజానికి ఇంట్లో ముందుగా చూసుకోవలసినవి ఇవే. నిద్ర, ఆట, మాట ఈ మూడూ నిండుగా ఉన్న ఇంట్లో తెరకు మిగిలే సమయం దానంతట అదే కుంచించుకుపోతుంది.

ఇల్లు వదలి వచ్చిన తెలుగువారికి ఈ విషయంలో మరొక చిక్కు ఉంది. వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో వినిపిస్తుంది, బడిలో ఆంగ్లం. బిడ్డకు తెలుగు చెవిన పడాలనే మంచి ఉద్దేశంతోనే చాలామంది ఫోనులో తెలుగు పాటల బొమ్మలు పెడతారు. పసివయసులో భాష ఆ దారిన రాదు. పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో ప్రచురించిన పరిశోధన ఇందుకు పేరుపొందిన సాక్ష్యం. తొమ్మిది నెలల అమెరికన్ శిశువుల ఎదుట కూర్చుని ఒక మనిషి చైనా మాండరిన్ భాషలో ఆడించి, కథలు చదివితే ఆ భాష ధ్వనులను శిశువులు గుర్తుపట్టగలిగారు. అదే మనిషి, అవే మాటలు వీడియోలో చూపితే ఏమీ నేర్వలేదు. బిడ్డ చూపు ఎటు మళ్ళిందో కనిపెట్టి, బిడ్డ ‘ఊ’ అంటే తానూ ‘ఊ’ అనే మనిషి కావాలి. రికార్డు చేసిన పాట అలా ఆగి వినదు.

వీడియో కాల్ సంగతి వేరు. రెండేళ్ళు, రెండున్నరేళ్ళ పిల్లలతో జరిపిన మరొక పరిశోధనలో, ఎదుటి మనిషి తమ మాటకు బదులు పలికే వీడియో కాల్ ద్వారా పిల్లలు కొత్త క్రియాపదాలు నేర్చుకున్నారు. ముందే తీసిపెట్టిన వీడియో ద్వారా నేర్చుకోలేదు. ఊళ్ళో ఉన్న అమ్మమ్మ ఫోనులో పైటచెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని దాగుడుమూతలాడితే, ‘మీ ఇంటి పిల్లి ఏదీ’ అని అడిగి బిడ్డ వెతికి చూపేదాకా ఆగితే, ఆ పది నిమిషాలు గంటసేపు నడిచే పాటల కంటె ఎక్కువ తెలుగు నేర్పుతాయి. పక్కన ఒక పెద్ద కూర్చుని ‘తాత ఏమంటున్నాడు విను’ అని అందించాలి. లేకుంటే బిడ్డకు ఫోను మీది ఎర్రబొత్తామే వినోదం.

ఇంట్లో రెండు మూడు భాషలు వినడం వలన బిడ్డకు మాటలు ఆలస్యమవుతాయన్న భయానికి ఆధారం లేదు. తల్లిదండ్రులు తమకు బాగా వచ్చిన భాషలో, అంటే తెలుగులోనే, ధారాళంగా మాట్లాడటం మంచిది. ఇరుగుపొరుగు భాష ఇరుగుపొరుగే నేర్పుతారు.

ఫోను చూపుతూ అన్నం పెట్టడం అన్నిటికంటె త్వరగా పాతుకుపోయే అలవాటు. బొమ్మ కదులుతుండగా నోరు తెరిచే బిడ్డకు ఆకలి తీరిన సంగతి తెలియదు. వాసన, రుచి, పప్పన్నానికీ పెరుగన్నానికీ తేడా గమనానికి రావు. ఫోను లేనిదే ముద్ద దిగని స్థితి కొద్ది వారాలలోనే వస్తుంది. దీనిని మానిపించదలచిన వారు ఒక్కసారిగా మూడు పూటలా మానిపించకుండా, ఇంట్లో ఇద్దరు పెద్దలుండే పూటతో మొదలుపెట్టడం మేలు. బిడ్డను నేల మీద తమ పక్కనే కూర్చోబెట్టుకుని, చిన్న పళ్ళెంలో నాలుగు మెతుకులు వేసి, చేత్తో కలుపుకోనివ్వాలి. సగం కింద పోతుంది, పోనివ్వవలసిందే. కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అంటూ పెట్టిన పెద్దవాళ్ళకు ఈ పని కొత్తదేమీ కాదు. రెండు మూడు రోజులు తిండి తగ్గినా, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆకలికి తానే దారికి వస్తుంది. బరువు తగ్గుతున్నట్లు తోస్తే మాత్రం వైద్యునికి చూపాలి.

ఎవరూ చూడకపోయినా టీవీ మోగుతూ ఉండటం కూడా లెక్కలోకి వస్తుంది. ఆ శబ్దం ఉన్నంతసేపు పెద్దలు బిడ్డతో మాట్లాడే మాటలు తగ్గుతాయని పరిశోధనలు చూపాయి. పడుకునే ముందు గంటసేపు ఏ తెరా లేకపోవడం నిద్రకు మంచిది.

ఇక ప్రయాణం. సంక్రాంతికో, పెళ్ళికో ఊరికి బయలుదేరితే బెంగళూరు నుంచి విశాఖకు ఇంచుమించు ఒక పగలు, ఒక రాత్రి రైలులోనే గడుస్తాయి. అయిదేళ్ళలోపు బిడ్డకు రైలులో టికెట్ అక్కరలేదు, అందువలన సీటూ ఉండదు. అంతసేపూ పెద్దల ఒడే. ఇటువంటి చోట ఇంటి నియమాన్ని అక్షరాలా పాటించమనడం న్యాయం కాదు. విమాన ప్రయాణం, వైద్య పరీక్షలు వంటి సందర్భాలలో బిడ్డను ఊరడించడానికి తెర పనికివస్తుందని అమెరికా శిశువైద్యుల సంఘం సైతం 2016లో అంగీకరించింది. ఏడ్చిన ప్రతిసారీ అదే మందైతే తనను తాను ఊరడించుకోవడం బిడ్డకు అలవడదని కూడా ఆ సంఘమే హెచ్చరించింది.

కనుక ప్రయాణంలో ఫోనును మొదటి అరగంటలో తీయకూడదు. కొత్త చోటు, కిటికీ, ఎదుటి బెర్తు మనుషులు బిడ్డకు అప్పటికి చాలు. మద్రాసు వైపు నుంచి వచ్చేవారికి నెల్లూరు దగ్గర పెన్న, విజయవాడ ముందు కృష్ణ. భువనేశ్వర్ నుంచి వచ్చేవారికి చాలాసేపు పక్కనే సాగే చిలికా సరస్సు. వంతెన మీద రైలు చప్పుడు మారడాన్ని రెండేళ్ళ బిడ్డ పెద్దల కంటె ముందే పసిగడుతుంది. సంచిలో కొత్త బొమ్మల కంటె స్టీలు గ్లాసు, చెంచా, పాత గాజులు, మూత తీసి పెట్టగల డబ్బా, ఒక గుడ్డ బొమ్మ ఎక్కువసేపు పనిచేస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా తీయాలి. అన్నీ ఒకేసారి పరిస్తే పావుగంటలో అయిపోతాయి. గంటకోసారి బిడ్డను దింపి, చేయి పట్టుకుని బోగీలో అటూ ఇటూ నడిపించాలి. ఒకే చోట గంటకు మించి కదలకుండా కూర్చోబెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రంలోనూ ఉంది.

ఇవన్నీ అయ్యాక, బిడ్డ అలసి, తల్లీ అలసిన ఘడియలో ఫోను తీయవచ్చు. దానికీ ముందే సిద్ధపడాలి. ఇంటి దగ్గరే రెండు మూడు నెమ్మదైన కథల వీడియోలు దించుకుని ఉంచుకుంటే, దారిలో సిగ్నల్ పోయి బిడ్డ రెట్టింపు ఏడవడం, మధ్యలో ప్రకటనలు దూరడం తప్పుతాయి. ఒకటి అయిపోగానే మరొకటి తానే మొదలయ్యే సౌకర్యాన్ని ఆపివేయాలి. ‘ఈ కథ అవగానే ఫోను నిద్రపోతుంది’ అని ముందే చెప్పి, అన్నట్టే ఆపాలి. నిమిషాల లెక్క పసిబిడ్డకు తెలియదు, కథ అయిపోవడం తెలుస్తుంది. శబ్దం తగ్గించి, పక్కన పెద్దలు కూర్చుని చూడాలి. బస్సులో, కారులో మాత్రం జాగ్రత్త అవసరం: కదిలే బండిలో దగ్గరి తెరను చూస్తే, రెండేళ్ళు దాటిన పిల్లలకు ముఖ్యంగా, వాంతులు ఎక్కువవుతాయి. రాత్రి బస్సులో దీపాలు ఆర్పాక ఫోను వెలుగు బిడ్డ నిద్రనూ, పక్కవారి నిద్రనూ చెడగొడుతుంది.

ఊరి నుంచి తిరిగి వచ్చాక బిడ్డ కొన్నాళ్ళు ఫోను కోసం మారాం చేయడం సహజం. ‘అది రైలు ఫోను, రైలెక్కినప్పుడే’ అని ఇంట్లో అందరూ ఒకే మాట చెబితే అది తగ్గిపోతుంది.

తెర తగ్గించినా మారనివి కొన్ని ఉంటాయి. ఏడాది నిండినా వేలితో చూపడం, చేయి ఊపడం లేకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్ళకు ‘అమ్మ రా’, ‘పాలు ఇవ్వు’ వంటి రెండు మాటలు కలపలేకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం కనిపిస్తే ఫోను మీద నెపం వేసి ఆగిపోకుండా వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇటువంటి పరీక్షలు ఉచితం. దగ్గరలోని అంగన్‌వాడీలో గానీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో గానీ అడిగితే, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. బిడ్డకు ఇంట తెలుగు మాత్రమే వచ్చునన్న సంగతి అక్కడి సిబ్బందికి ముందే చెప్పాలి. లేకుంటే స్థానిక భాషలో అడిగిన ప్రశ్నకు బిడ్డ మౌనంగా ఉండటాన్ని లోపంగా పొరబడే వీలుంది.