ఇనామా, మేరా? బిల్లులో చేరిన సేవా రుసుము

మా మత్తూరులో ఒక పెద్దాయన పోయిన వేసవిలో అమెరికా చూసి వచ్చారు. కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. తల్లిదండ్రులను సంతోషపెట్టాలని, ఏడు రాత్రులు సముద్రంమీద తిప్పే పెద్ద విహార నౌక ఎక్కించాడు. తిరిగి వచ్చాక పెద్దాయన మాకు చెప్పింది సముద్రం సంగతి కాదు, బిల్లు సంగతి.

"గది, తిండి, ఆటపాట అంతా టికెట్టులోనే కట్టేసినామని మావాడు చెప్పినాడు సార్. దిగేనాడు చూస్తే తలకు రోజుకు పదహారు డాలర్లని ఇంకో లెక్క ఉంది. ఇదేమిరా అంటే, పనివాళ్ళకు ఇనాము నాయనా అన్నాడు. నేను ఇయ్యకుండానే నా లెక్కలోంచి పోతే అది ఇనాము ఎట్లయితాది? కప్పలి లోపల కూడా మామూలు ఉందే!"

కప్పలి అంటే ఓడ. మనవైపు పెద్దవాళ్ళ నోట ఇంకా వినిపించే మాట. నలుగురు మనుషులు, ఏడు రోజులు, రోజుకు 16 డాలర్లు. అంతా కలిపి 448 డాలర్లు. నేను బడిపంతులును కాబట్టి లెక్క ముందు చూశాను. ఆ తరువాతే ఆయన వాడిన 'మామూలు' అన్న మాట నా మనసులో పడింది. మామూలు అంటే వాడుకగా జరిగేది అనే అర్థం. ఎవరో ఒకరు ఇష్టంగా ఇచ్చిందే నాలుగుసార్లు జరిగి వాడుక అయింది, వాడుక కాస్తా తప్పనిసరి అయింది. ఇవాళ ఆఫీసుల్లో ఆ మాటకు ఏ అర్థముందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇష్టంగా ఇచ్చేది తప్పనిసరిగా వసూలు చేసేదిగా మారితే అది న్యాయమా, కాదా అన్న ప్రశ్నను ఈ పూట మీతో కలిసి ఆలోచించాలని వచ్చాను.

ముందు ఓడ సంగతే చూద్దాం. ఈ వసూలుకు అక్కడి పేరు గ్రాట్యుటీ. ఆ మాట వినగానే మనకు ఉద్యోగ విరమణ నాడు చేతికి వచ్చే సొమ్ము గుర్తుకు వస్తుంది. ఓడమీద మాత్రం దాని అర్థం టిప్పు. పెద్ద కంపెనీల నౌకల్లో ఇది మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది. ఖరీదైన గదులకు ఇంకా ఎక్కువ. అది రోజూ గది లెక్కలో దానంతట అదే పడిపోతూ ఉంటుంది. వద్దనుకుంటే కౌంటరు దగ్గరకు వెళ్ళి తీసివేయమని అడిగే వీలు చాలా కంపెనీల్లో ఉంది. కాని వెనక పదిమంది నిలబడి వింటూ ఉంటే, "పనివాళ్ళకు ఇచ్చే డబ్బు నాకు తిరిగి ఇవ్వండి" అని ఎంతమంది అడగగలరు చెప్పండి?

ఇంకో సంగతి ఉంది. ఈ కంపెనీలలో చాలావాటి ఆఫీసులు అమెరికాలో ఉంటాయి. ఓడలమీద ఎగిరే జెండాలు మాత్రం బహామాస్‌వి, పనామావి. జెండా ఏ దేశానిదైతే ఆ దేశపు చట్టమే ఓడమీద నడుస్తుంది గనుక, అమెరికా కూలి చట్టం ఆ పనివాళ్ళకు అందదు. నావికుల కోసం 2006లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది. అది 2013లో అమలులోకి వచ్చింది. మన దేశం 2015లో అందులో చేరింది. విశ్రాంతి గంటలు, రాతపూర్వకమైన ఉద్యోగ ఒప్పందం, నెలనెలా జీతం దాని పుణ్యమే. అయినా గదులు ఊడ్చేవాళ్ళకు, బల్లల దగ్గర వడ్డించేవాళ్ళకు రాబడిలో పెద్ద భాగం ఈ టిప్పు సొమ్మే. ఆ పనుల్లో ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వాళ్ళతోపాటు మన దేశపు పిల్లలు కూడా చాలామంది ఉన్నారు. కాబట్టి మన పెద్దాయన కోపంతో ఆ 448 డాలర్లు కొట్టివేయించి ఉంటే, నష్టపోయేది కంపెనీ కాదు, రోజుకు రెండుసార్లు ఆయన పక్క సర్దిన కుర్రవాడు. జీతం ఇవ్వవలసిన బాధ్యతను యజమాని తన భుజంమీదనుంచి దించి, ప్రయాణికుడి మనస్సాక్షిమీద పెట్టాడన్నమాట.

ఇలా కాకుండా నడపలేరా అంటే, నడపగలరు. బ్రిటన్‌కు చెందిన పి అండ్ ఓ క్రూజెస్ 2019లో రోజువారీ సేవా రుసుమును ఎత్తివేసి, టికెట్టు ధరలోనే కలిపింది.

"మాకు ఓడల గొడవ ఎందుకు సార్" అని మీరనవచ్చు. ఓడ మన తీరానికి రానే వచ్చింది. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖపట్నానికి విహార నౌక తిరిగింది. అది ఎక్కేవాళ్ళు మనలో కొద్దిమందే కావచ్చు. కాని హోసూరు దాటి బెంగుళూరులో అడుగు పెట్టని ఇల్లు మన జిల్లాలో ఎన్ని ఉంటాయి? ఈ ప్రశ్న అక్కడ బల్లమీదే ఎదురవుతుంది.

నాకు ఎదురైంది. మా బడిలో ఒక ఉపాధ్యాయుడు రిటైరైతే, ఎనిమిది మందిమి కలిసి బెంగుళూరులో ఒక పెద్ద హోటలుకు వెళ్ళాము. పేరు ఎందుకు లెండి. తిన్నదానికి 4,200 రూపాయలు. దాని కింద సేవా రుసుము అని నూటికి 10 చొప్పున 420. రెండూ కలిపిన 4,620 మీద నూటికి 5 చొప్పున జీఎస్టీ 231. మొత్తం 4,851. సేవా రుసుము లేకపోతే 4,410తో పోయేది. తేడా 420 కాదు, 441 అని గమనించండి. మనం ఇవ్వని ఇనాముమీద మనమే పన్ను కూడా కట్టాము.

మాలో ఒకాయన "అది గవర్నమెంటు పన్ను, కట్టక తప్పదు" అన్నారు. ఈ పొరపాటు చాలామందికి ఉంది. కారణం కూడా ఉంది. 1994 నుంచి 2017 దాకా సేవా పన్ను అనేది నిజంగానే ఉండేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి దాన్ని మింగేసింది. సేవా పన్ను పోయింది, సేవా రుసుము మిగిలింది. రెండు భాషల నడుమ బతికే మనకు ఇది తేలికగా అర్థం కావాలి. తమిళంలో వరి వేరు, కట్టణం వేరు. తెలుగులో పన్ను వేరు, రుసుము వేరు. పన్ను ప్రభుత్వానికి పోతుంది. ఈ రుసుము హోటలు గల్లాపెట్టెలోకి పోతుంది. అక్కడినుంచి ఎక్కడికి పోతుందనేదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు నాకు ఆ పూటే దొరికింది. మాకు వడ్డించిన కుర్రవాడు నన్ను చూసి తటపటాయిస్తూ దగ్గరకు వచ్చాడు. మా బడిలో పదో తరగతి చదివినవాడే. పొలంలో మామిడి చెట్లు రెండేళ్ళు కాయకపోతే చదువు మానుకుని బెంగుళూరు బస్సెక్కాడు. "ఈ 420 మీకు పంచుతారా నాయనా?" అని మెల్లగా అడిగాను. వాడు గల్లాపెట్టె వైపు ఒకసారి చూసి, "మాకు నెల జీతమే సార్. అది కలిపే జీతమని చేరేటప్పుడు చెప్పినారు. బిల్లులో అది ఉందని చూసి ఎవరూ చేతికి వేరే ఇయ్యరు" అన్నాడు. మేము కూడా అంతవరకు చేతికి ఏమీ ఇవ్వలేదు. బిల్లులో ఇచ్చేశాం కదా అనే అనుకున్నాం.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. 2017 ఏప్రిల్‌లోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, సేవా రుసుము ఇవ్వడం ఇవ్వకపోవడం గిరాకీ ఇష్టమని చెప్పింది. చెప్పినంత మాత్రాన ఎవరూ వినలేదు. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ గట్టిగా మార్గదర్శకాలు ఇచ్చింది. హోటలుగాని రెస్టారెంటుగాని సేవా రుసుమును దానంతట అదే బిల్లులో చేర్చకూడదు. పేరు మార్చి వసూలు చేయకూడదు. ఇవ్వనంటే లోపలికి రానివ్వకపోవడం కుదరదు. తిండి ధరతో కలిపి దానిమీద జీఎస్టీ వేయకూడదు. అదే నెల 20న ఢిల్లీ హైకోర్టు ఈ మార్గదర్శకాలను తాత్కాలికంగా నిలిపివేసింది. రెండు హోటళ్ళ సంఘాలు వేసిన పిటిషన్లమీద రెండున్నరేళ్ళు దాటాక, 2025 మార్చి 28న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ తీర్పు చెప్పారు. మార్గదర్శకాలు చెల్లుతాయి, తప్పనిసరిగా సేవా రుసుము గుంజడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అన్నారు. సంఘాలు చెరి లక్ష రూపాయలు ఖర్చులు కట్టాలన్నారు. ఆ సంఘాలు అప్పీలుకు వెళ్ళాయి.

హోటళ్ళవాళ్ళ వాదన కూడా వినాలి, ఏకపక్షంగా తీసివేయకూడదు. టిప్పు అనేది బల్ల దగ్గరకు వచ్చేవాడికే దొరుకుతుంది, లోపల పొయ్యి దగ్గర చెమటోడ్చే వంటవాడికి, అంట్లు తోమే మనిషికి దొరకదు, బిల్లులో వసూలు చేస్తే అందరికీ పంచవచ్చు అంటారు వాళ్ళు. కొన్ని చోట్ల కార్మిక సంఘాలతో అలాంటి ఒప్పందాలు కూడా ఉన్నాయి. ఇది నాకు బలమైన మాటగానే తోస్తుంది. అంట్లు తోమే ఆమె ముఖం మనమెవరం చూడము. చూడనివాళ్ళకు ఎవరిస్తారు? కాని ఆమెకు ఇవ్వాలన్న తలంపు నిజమైతే, దానికి దారి ధరల పట్టికలోనే ఉంది. దోసెకు పది రూపాయలు పెంచి, ఆమె జీతం పెంచవచ్చు. ధర ఎంత పెట్టాలో యజమాని ఇష్టం, దాన్ని ఎవరూ కాదనలేదు. ధర తక్కువగా చూపించి గిరాకీని లోపలికి పిలిచి, చివర్లో రుసుము కలపడం మాత్రం వేరే సంగతి.

ఇక్కడ మన ఊళ్ళ పాత పద్ధతి ఒకటి గుర్తు చేస్తాను. మీ తాతలను అడగండి. కళ్ళం దగ్గర ధాన్యం తూర్పారబట్టాక, కమ్మరికి, వడ్రంగికి, మంగలికి, చాకలికి ఇంత అని కొలిచి ఇచ్చేవాళ్ళు. దాన్ని మేర అనేవాళ్ళు. అది దానం కాదు. ఏడాది పొడుగునా చేసిన పనికి కూలి, వాళ్ళ హక్కు. రైతు ఇవ్వకపోతే అడిగి తీసుకునేవాళ్ళు. ఆ పద్ధతిలో కులం తెచ్చిన అన్యాయం బోలెడు ఉంది, దాన్ని నేను పొగడడం లేదు. కాని ఒక్క సంగతిలో స్పష్టత ఉండేది. మేర వేరు, ఇనాము వేరు. పెళ్ళినాడు మేళగాడు బాగా వాయిస్తే పెద్దమనిషి జేబులోంచి తీసి ఇచ్చేది ఇనాము. అది ఇచ్చేవాడి సంతోషం. దాన్ని ఎవరూ అడగరు, లెక్క కట్టరు.

మరి బిల్లులోని సేవా రుసుము ఇనామా, మేరా? గిరాకీ "నేనెందుకు ఇవ్వాలి" అంటే, ఇది మేర, పనివాళ్ళ కూలి, ఇచ్చి తీరాలి అంటారు. పనివాడు "నా వాటా ఏది" అని అడిగితే, ఇది ఇనాము, నీ జీతంలో భాగం కాదు, మా ఇష్టం అంటారు. ఒకే రూపాయికి రెండు ముఖాలు. నా అభ్యంతరమంతా అక్కడే.

గ్రాట్యుటీ అన్న మాట చరిత్ర కూడా ఇదే చెబుతుంది. అది మొదట యజమాని దయతలచి ఇచ్చే కానుక. మన దేశంలో 1972లో చట్టం వచ్చి, ఐదేళ్ళు పనిచేసినవాడికి అది హక్కు అయింది. ఆ చట్టం కానుకను కూలిగా మార్చి, భారం యజమానిమీదే ఉంచింది. ఓడ గ్రాట్యుటీ భారాన్ని ప్రయాణికుడిమీద పెట్టింది.

వసూలైన టిప్పు ఎవరిది అనే సంగతి మన సుప్రీంకోర్టు ముందుకు కూడా వచ్చింది, ఆదాయపు పన్ను కేసు రూపంలో. 2016 ఏప్రిల్‌లో ఐటీసీ కేసులో కోర్టు చెప్పిందేమిటంటే, గిరాకీ బిల్లు ద్వారా ఇచ్చిన టిప్పు యజమాని ఇచ్చే జీతం కాదు, పనివాళ్ళకు చేర్చడానికి యజమాని దగ్గర నమ్మకంమీద ఉన్న సొమ్ము మాత్రమే. బ్రిటన్‌లో ఇంకొక అడుగు వేసి, టిప్పులు మొత్తం పనివాళ్ళకే చేరాలని 2023లో చట్టం చేశారు. అది 2024 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. మన 2022 మార్గదర్శకాలు గిరాకీ జేబును కాపాడాయి. సర్వరు జేబు సంగతి వాటిలో లేదు.

అందుకే మీకు రెండు పనులు చెబుతాను. బిల్లు రాగానే మొత్తం కాదు, వరసలు చూడండి. సేవా రుసుము అని కనిపిస్తే, తీసివేయమని మర్యాదగా అడగండి. గొంతు పెంచనక్కరలేదు. బిల్లు తెచ్చినవాడిమీద అసలే పెంచకండి, ఆ వరస వేసింది వాడు కాదు. ఒప్పుకోకపోతే 1915 నంబరుకు ఫోను చేయండి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం అది, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు. జిల్లా కలెక్టరుకు కూడా ఫిర్యాదు రాసి ఇవ్వవచ్చు.

రెండో పని, తీసివేయించిన డబ్బును జేబులో వేసుకుని లేచిపోకండి. వడ్డన నచ్చితే మీకు తోచింది వాళ్ళ చేతిలో పెట్టండి. ఇప్పుడందరం ఫోను చూపించి డబ్బు కడుతున్నాం. చిల్లర చేతిలో ఉండటం లేదు. కృష్ణగిరి బస్టాండు దగ్గర మెస్సుల్లో పళ్ళెంలో మిగిలే ఐదూ పదీ కూడా ఇప్పుడు మిగలడం లేదని అక్కడి సర్వర్లే చెబుతారు. పర్సులో రెండు ఇరవై రూపాయల నోట్లు వేరుగా పెట్టుకోవడం నేను అలవాటు చేసుకున్నాను.

ఆ రోజు మేము రుసుము తీసివేయమని అడిగాము. మేనేజరు కాసేపు వాదించి చివరికి తీశాడు. బయటికి వచ్చాక, ఆ 441 రూపాయలకు మావాళ్ళు ఇంకో 59 కలిపి 500 చేశారు. నేను వెనక్కు వెళ్ళి దాన్ని ఆ కుర్రవాడి చేతిలో పెట్టాను. వాడు వెంటనే జేబులో వేసుకోలేదు. "లోపల అంట్ల దగ్గర ఇద్దరున్నారు సార్, ముగ్గురం పంచుకుంటాం" అని చెప్పి లోపలికి పోయాడు.