చలికొండ మీద ఇల్లుబండి

మా గొలుగొండ వాళ్ళకి చలి దూరపు చుట్టం కాదు, పొరుగింటి చుట్టమే. వాకిట్లో నిలబడి తల యెత్తితే కొండలు. ఆ కొండల మీద, నర్సీపట్నం నుంచి చింతపల్లి పోయే దారిలో, సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల యెత్తున లంబసింగి వున్నది. దానికి ‘కొర్రబయలు’ అని మరో పేరు. రాత్రిపూట బయట పడుకున్నవాడు తెల్లవారేసరికి కొర్రలా, అంటే కొయ్యలా, బిగుసుకుపోతాడట! పేరు పెట్టినవాడు థర్మామీటరు యెరగడు గాని, సంగతి మాత్రం బాగా యెరుగును.

ఆ దారికి ఒక చరిత్ర కూడా వున్నది. కొండదారి వేయించేటప్పుడు గిరిజనుల చేత పని చేయించుకొని సరిగా కూలి యివ్వని అన్యాయం, 1922 నాటి మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో ఒకటి. ఆ తిరుగుబాటు నడిపిన అల్లూరి సీతారామరాజు సమాధి మా మండలంలోని కృష్ణదేవిపేటలోనే వుంది. నాడు కట్టుబట్టలతో రాళ్ళు మోసిన ఆ దారినే, నేడు మార్గశిర పుష్య మాసాలలో చలిని వేడుకగా చూడడానికి వేలకొద్దీ జనం యెక్కుతున్నారు. కొందరు గుడారాలు వేసుకుంటారు. మరికొందరు యింటినే వెంట తెచ్చుకుంటారు!

వంటగది, పడక, స్నానాలగది, నీళ్ళతొట్టి సమస్తమూ చక్రాల మీదే వుండే బండి అది. కొందరు దానిని కారవాన్ అంటారు, అమెరికాలో ఆర్‌వీ అంటారు. మన తాతలకు గూడుబండి వుండేది గనుక నేను దీనిని ‘ఇల్లుబండి’ అంటాను. గూడుబండిలో ఒక కూజా, ఒక చెంబు వుంటే ప్రయాణం సాగిపోయేది. ఇల్లుబండికి అట్లా కాదు. దాని కడుపులో తొట్టి, పంపు, సన్నని గొట్టాలు, వేడినీళ్ళ బాయిలరు, కుళాయిలు, వాడిన నీరు పట్టే మరో తొట్టి, యిన్ని వుంటాయి. చలికి వీటిలో నీరు గడ్డకట్టిందా, యిల్లు యిల్లంతా మూలపడుతుంది.

నీటి విపరీత స్వభావం

నెయ్యి పేరుకుంటుంది, కొబ్బరినూనె పేరుకుంటుంది. ఏ సీసాకూ ప్రమాదం లేదు. ఎందుకంటే పేరుకున్నప్పుడు అవి కాస్త ముడుచుకుంటాయి. నీటి తీరు వేరు. నాలుగు డిగ్రీల సెంటీగ్రేడు వరకూ అందరిలాగే ముడుచుకుంటుంది. అక్కడినుంచి బుద్ధి మార్చుకొని ఉబ్బడం మొదలుపెడుతుంది. గడ్డకట్టేసరికి నూరు పాళ్ళు నూట తొమ్మిది పాళ్ళవుతుంది. ఆ తొమ్మిది పాళ్ళకు గొట్టంలో చోటేదీ?

గొట్టం ఎక్కడ మంచుగడ్డ కట్టిందో అక్కడే పగులుతుందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు జరిగేది వేరు. గొట్టం మధ్యలో గడ్డ బిరడాలా బిగుస్తుంది. అది పెరుగుతున్నకొద్దీ ముందున్న నీటిని మూసి వున్న కుళాయి వైపు నెడుతుంది. నీరు నొక్కితే నొక్కుపడే వస్తువు కాదు. ఒత్తిడి పెరిగి పెరిగి ఎక్కడ బలహీనమో అక్కడ గొట్టం చీలుతుంది. కాబట్టి కడు చలిరాత్రి కుళాయిని సన్నధారగా వదలడంలో అర్థమున్నది. కదిలే నీరు త్వరగా గడ్డకట్టదన్నది ఒక లాభం, పెరిగే ఒత్తిడికి దారి దొరుకుతుందన్నది అంతకన్న పెద్ద లాభం.

ఇంకొక విశేషం. సున్నా డిగ్రీల నీరు సున్నా డిగ్రీల గడ్డ కావాలంటే, గ్రాముకు 80 కేలరీల వేడిని వదలుకోవాలి. 80 డిగ్రీల వేడినీళ్ళు సున్నాకు చల్లారడానికి ఎంత వేడి పోవాలో, అంత! నూరు లీటర్ల తొట్టి పూర్తిగా గడ్డకట్టాలంటే తొమ్మిది యూనిట్ల కరెంటుకు సరిపడే వేడి బయటికి పోవాలన్నమాట. ఒక్క రాత్రిలో అది తేలిక కాదు. అందుచేత నిండు తొట్టి మొండిగా నిలుస్తుంది. చిటికెనవేలంత గొట్టం ముందుగా లొంగిపోతుంది. కాపలా కాయవలసింది గొట్టానికి.

అలహాబాదు మంచుగడ్డ

‘లంబసింగిలో థర్మామీటరు సున్నా దాకా దిగేది ఏ కొద్ది రాత్రులో గదా, మాకీ బెడద ఎందుకు?’ అనవచ్చు. నిజమే. చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంవారు నమోదు చేసే లెక్కలు పత్రికలలో చూస్తూనే వుంటాం. చలి ముదిరిన వేళ రెండు, మూడు, నాలుగు డిగ్రీలన్నవే ఎక్కువ. కాని అది మనిషి ఛాతీ యెత్తున, గాలి ఆడే చెక్కపెట్టెలో, నీడలో వుంచిన థర్మామీటరు మాట. అదే రాత్రి గడ్డి మొదట్లో చలి అంతకంటె నాలుగైదు డిగ్రీలు ఎక్కువగా వుండవచ్చు.

దీనికి ఒక చిత్రమైన సాక్ష్యం చెబుతాను. రెండున్నర శతాబ్దాల కిందట అలహాబాదు, కలకత్తా ప్రాంతాలలో, యంత్రాలు లేని రోజులలో, మంచుగడ్డ తయారుచేసి దొరల బల్లల మీదికి పంపేవారు. సర్ రాబర్ట్ బార్కర్ అనే ఆయన ఆ పద్ధతిని 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. బయలులో లోతు తక్కువ గోతులు తవ్వి, అడుగున చెరుకుపిప్పో ఎండిన మొక్కజొన్నదంటో దట్టంగా పరిచి, దానిమీద నిస్సారమైన మట్టిమూకుళ్ళలో నీళ్ళు పోసి రాత్రంతా వదిలేసేవారు. తెల్లవారేసరికి మూకుళ్ళలో గడ్డ! గాలి సున్నాకు దిగకపోయినా గడ్డ!

రహస్యం ఏమిటంటే, మబ్బులేని రాత్రి ప్రతి వస్తువూ తన వేడిని ఆకాశంలోకి విరజిమ్ముతుంది. మబ్బు వుంటే దుప్పటిలా కొంత వేడిని తిరిగి యిస్తుంది. లేకపోతే పోయిందంతా పోయినట్లే. కింద పరచిన దంటు నేలలోని వెచ్చదనాన్ని మూకుడికి అందనివ్వదు. పైన ఆకాశం దోచుకుంటుంది, కింద నేల ఆదుకోదు. గాలి కూడా స్తంభిస్తే నీరు చేసేదేముంది, గడ్డకట్టడం తప్ప?

కనుక చలి రెండు రకాలు. ఒకటి గాలిచలి, రెండవది ఆకాశపు చలి. మన మన్యంలో ముఖ్యంగా భయపడవలసింది రెండవదానికి. మందు సులభం. అలహాబాదు వారు చేసినదానికి సరిగా తలకిందులు చేస్తే చాలు! రబ్బరు గొట్టాన్ని పచ్చిక మీదా గడ్డి మీదా పరచరాదు. పరచక తప్పకపోతే ఉత్త నేల మీద, బండి కిందుగా పోనిచ్చి, పైన గోనెపట్టా కప్పాలి. అన్నిటికన్న మేలు, చీకటిపడేలోగా గొట్టం విప్పి, నీరు ఒంపేసి, చుట్టచుట్టి లోపల పెట్టుకొని, ఆ రాత్రికి బండి తొట్టిలోని నీరే వాడుకోవడం. బండిని పల్లంలో కాక, కొద్దిపాటి మిట్టన, చెట్టు కింద ఆపాలి. చల్లగాలి బరువైనది, రాత్రి నీటిలాగే పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. చెట్టుకొమ్మలు ఆకాశానికి అడ్డం.

ఈ శాస్త్రమంతా నేను పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. ఒక ముసలి రైతు లంబసింగి పొలంలో నారుమడి మీద సాయంత్రంపూట గడ్డి కప్పుతుంటే, ‘చలి ఆగుతుందా?’ అని అడిగాను. ‘చలి ఆగదు బాబూ, పైనుంచి మంచు కొట్టకుండా ఆగుతాది’ అన్నాడు. పైనుంచి! ఆకాశపు చలి సారాంశమంతా ఆ ఒక్క మాటలో వున్నది.

డల్లాసులో ఒక వారం

గాలిచలి సంగతి వేరు. దానికి గోనెపట్టా చాలదు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రం మీద విరుచుకుపడినది ఆ రకం. ఫిబ్రవరి 16న డల్లాసులో చలి సున్నాకు 19 డిగ్రీల దిగువకు పోయింది. 1949 తరువాత అక్కడ అంత చలి లేదు. లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది, గొట్టాలు పగిలి కప్పుల నుంచి నీళ్ళు కారాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది మరణించారు. డల్లాసు చుట్టుపట్ల మన తెలుగువారు ఎంతమంది వున్నారో పాఠకులకు చెప్పనక్కరలేదు.

నా పూర్వవిద్యార్థి ఒకడు భార్యా యిద్దరు పిల్లలతో అక్కడ వున్నాడు. ఇంట్లో గొట్టం పగలడంతో, స్నేహితుడి ఇల్లుబండిలో తలదాచుకున్నారు. బండికి బయటి గొట్టం తగిలించే వుంది. అది ఇనపకడ్డీలా బిగుసుకుపోయింది. లోపలి తొట్టి ఖాళీ. చుట్టూ మంచే, తాగడానికి నీళ్ళు లేవు! గిన్నెలో మంచు కరిగించుకుందామని, కాస్త వెచ్చగా కూడా వుంటుందని, వెనక వసారాలో వున్న బొగ్గుల కుంపటి తెచ్చి బండిలో రాజేశాడు. తలుపులు బిగించి వున్నాయి. అరగంటలో పెద్దపిల్ల తలనొప్పి అన్నది, చిన్నవాడు మగతగా ఒరిగాడు. చలికి కాబోలు అనుకున్నాడు వీడు. ఆ యిల్లాలు మాత్రం పిల్లలిద్దరినీ చంకనేసుకొని తలుపు తన్ని బయటికి దూకింది.

‘మాస్టారూ, ఆ చలిలోకి పిల్లల్ని లాగిందని కోప్పడ్డాను. ఆవిడ లాగకపోతే ఈ ఫోను చేసేవాణ్ణి కాదు’ అని నాతో చెప్పినప్పుడు వాడి గొంతు సరిగా పలకలేదు.

బొగ్గులు కాలే చోట కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువును మోసే రక్తకణాలను అది ఆక్రమిస్తుంది. తలనొప్పి, వాంతి, మగత, ఆపైన మెలకువ రాని నిద్ర. ఆ వారంలో టెక్సాసులో ఈ వాయువుకు పలువురు బలి అయ్యారు. మన కొండల మీదా గుడారంలో నెగళ్ళు, కారులో కుంపట్లు చూస్తూనే వున్నాను. నీరు పేరుకుంటే పోయేది గొట్టం. కుంపటి లోపల పెడితే పోయేది ప్రాణం. నిప్పు బయటే వుండాలి. బండిలో ఆ వాయువును పసిగట్టి కూత పెట్టే చిన్న యంత్రం ఒకటి వుండాలి.

గాలిచలికి మందు

అటువంటి దేశాలలో ఇల్లుబండి వాళ్ళు చేసే పని యిది. చలి వస్తున్నదని తెలియగానే లోపలి తొట్టి నిండా నింపుకొని, బయటి గొట్టం విప్పేస్తారు. బండి కిందుగా చల్లగాలి దూరకుండా చుట్టూ పరదాకట్టో, దళసరి పలకలో నిలుపుతారు. గొట్టాలకు నురుగు తొడుగులు, వాటి కింద కరెంటుతో వెచ్చబడే పట్టీలు చుడతారు. కుళాయి కింది అరల తలుపులు రాత్రంతా తెరిచి వుంచుతారు; గదిలోని వెచ్చదనం గొట్టాలకు అందుతుంది. వాడిన నీటి తొట్టి మూత తెరిచి వుంచరు. తెరిస్తే బొట్టు బొట్టుగా కారి, దారిలోనే గడ్డకట్టి మూసుకుపోతుంది.

చలికాలమంతా బండిని వాడనివారు నీరు పూర్తిగా తీసేస్తారు. తొట్టి, బాయిలరు ఖాళీ చేసి, గొట్టాలలో గాలి ఊది, మిగిలిన తడి కోసం గులాబిరంగు ద్రవం ఒకటి పంపుతారు. అది ప్రొపిలీన్ గ్లైకాల్. కారు రేడియేటరులో పోసే ఎథిలీన్ గ్లైకాల్ వేరు. అది తియ్యగా వుండే విషం. తాగేనీటి గొట్టంలోకి అది ఒక్క చెంచా కూడా పోరాదు. పేర్లు కవలపిల్లల్లా వున్నాయి గనుక డబ్బా మీద అక్షరాలు రెండుసార్లు చదవడం మంచిది.

ఇంత చేసినా గొట్టం బిగిస్తే, మంట చూపరాదు. ముందు కుళాయి తిప్పి, జుట్టు ఆరబెట్టుకొనే యంత్రంతోనో వేడిగుడ్డతోనో కుళాయి వైపు నుంచి వెనక్కి వెచ్చచేస్తూ పోవాలి. కరిగిన నీటికి బయటపడే దారి అప్పుడే వుంటుంది.

వాడిన నీటి మాట

చివరగా, కొండెక్కే యాత్రికులకు ఒక మనవి. తొట్టిలో నీరు గడ్డకట్టకుండా కాపాడుకున్నాక, సబ్బునీళ్ళూ మరుగునీళ్ళూ ఏం చేస్తున్నారు? తెల్లవారుజామున ఎవరూ చూడకుండా తూము తెరిచి గెడ్డలోకి వదిలేసి దిగి వచ్చేవారు లేకపోలేదు. ఆ గెడ్డ కింద వూరి ఆడవాళ్ళు బిందె ముంచుకుంటారు. కొండ మీద పుట్టిన నీరే వరాహనది, తాండవ అయి మా పల్లానికి దిగి పొలాలు తడుపుతుంది. వాడిన నీరు తొట్టిలోనే వుంచుకొని, పట్నంలో పారబోసే చోటు చూసుకొని అక్కడే పోయాలి. చలి నాలుగు నెలలుండి పోతుంది. ఆ నీళ్ళు ఏడాది పొడుగునా తాగవలసినవాళ్ళు కొండ మీదా వున్నారు, కిందా వున్నారు.